నందిగామ మొహాలకి పేర్లు పోయాయి

ఈమధ్య నందిగామలో ఒక పెద్ద గుంపు జనానికి పేర్లు లేకుండా చేసానండి, నా చేత్తో. మొహాలు మిగిలాయి, పేర్లు పోయాయి. కంగారుపడకండి, అందరూ క్షేమమే. కొందరు అంతకుముందే కాలం చేసారు, దానికీ నాకూ సంబంధం లేదు. టీ చల్లారకముందే తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, ఏమీ అనుకోను. నాకే ఇంకా నవ్వాలో వద్దో తేలట్లేదు.

మాది జగ్గయ్యపేట అని తెలుసు కదా. హైదరాబాదు కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేస్తా. "మా ఆవిడ సర్వర్లు చూస్తుంది" అని మా ఆయన అందరికీ గొప్పగా చెప్తాడు. చూడ్డమా! ఒక్కదాన్నీ కళ్ళారా చూసిన పాపాన పోలేదు. ఎక్కడో ఏసీ గదిలో, బీరువాల్లాంటి వాటిల్లో పేర్చిన కంప్యూటర్లవి. ఇక్కడ నేను కీబోర్డు మీద నాలుగు అక్షరాలు కొడితే అక్కడ అవి లేస్తాయి, పడుకుంటాయి. వాటి మీద ఎవరి పని నడుస్తుందో, ఎవరి బతుకు నడుస్తుందో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ మధ్య మా టీమ్ లీడ్ ఒక కొత్త పని అప్పజెప్పాడు. ఏం లేదు, ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. కొత్త సర్వర్ తెచ్చి వైరు పెట్టి ఆన్ చేస్తే చాలు, అదే దాన్ని పట్టుకుంటుంది. దానికో పేరు పెడుతుంది, లోపల ఏమేం ఉన్నాయో చూసుకుంటుంది. మనం ఊఁ అంటే డిస్కంతా తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించి పనికి సిద్ధం చేస్తుంది. మనిషి దగ్గరుండక్కర్లేదు.

"ఇంట్లో చిన్న మెషిన్ మీద వేసి చూడు సుధా. సోమవారం డెమో ఇద్దాం" అన్నాడాయన.

సరేనన్నా. తీరా చూస్తే మా వీధిలో కాలవ పనుల కోసం తవ్వి ఇంటర్నెట్ కేబుల్ తెంపేసారు. అడిగితే "రేపు వచ్చిద్దమ్మా" అంటారు. ఆ రేపు రాలేదు. శనివారం పొద్దున్నే లాప్‌టాపూ, టిఫిన్ బాక్సంత ఉండే ఒక బుల్లి కంప్యూటరూ సంచిలో వేసుకుని నందిగామ బస్సెక్కా. అక్కడ మా శాంతక్క ఉంది. అక్క వాళ్ళది మేడ మీద ఇల్లు. కింద మా జయరాజు బావ షాపు. నెట్ సెంటర్, జిరాక్సు, పాస్‌పోర్ట్ ఫోటోలు, అన్నీ అక్కడే.

వెళ్ళేసరికి బావ షటర్ ఎత్తుతున్నాడు.

"రావమ్మా మరదలా! సంచిలో ఏంది, సున్నుండలా?"

"కాదు బావా, సర్వర్."

"ప్రభువా! నందిగామకి సర్వర్ తెచ్చింది మా మరదలు. పైకి పో, అక్క పెసరట్టేస్తంది."

షాపు ముందు అప్పటికే జనం పోగయ్యారు. పిల్లలకి కాలేజీ సీట్ల ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజట, సాయంత్రంతో సైటు మూసేస్తారట. బావ ఆ మాట చెప్పాడు. నేను విన్నా. విని, పెసరట్టు తినడానికి పైకెళ్ళిపోయా. ఇక్కడొక ముఖ్యమైన సంగతి. బావ తీసుకున్న ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే. అది ముందు షాపులోకొచ్చి, అక్కడి నుంచి ఒక వైరు మెట్ల గోడ పట్టుకుని పైన హాల్లోకొస్తుంది. ఆ వైరు నేను వంద సార్లు చూసినదే. మెట్లెక్కుతూ చెయ్యి ఆనిస్తే తగులుతుంది కూడా.

తిని, చేతులు కడుక్కుని, హాల్లో బల్ల మీద బుల్లి కంప్యూటర్ పెట్టి ఆ వైరే గుచ్చా.

ఇన్‌స్టలేషన్ ఎంత సుఖంగా జరిగిందంటే, ఆ సుఖమే నా కొంప ముంచింది. ఒకప్పుడు ఇలాంటివి ఎక్కించాలంటే ఇది లేదు, అది కావాలి, ఆ వెర్షన్ పాతది అని ఒకటే గోల. ఇప్పుడలా కాదు. సాఫ్ట్‌వేరూ, దానికి కావాల్సిన సరంజామా అంతా ఒకే ప్యాకేజీలో సర్దేసి ఇస్తున్నారు. క్యారేజీలో అన్నం, పప్పు, పెరుగు అన్నీ కట్టి పంపినట్టు. మన వంటింటితో దానికి పనే లేదు. ఒక్క కమాండ్ కొట్టా. గీత కుడివైపుకి పాకుతూ పోయింది. "ఇన్‌స్టాల్ అయింది" అంది. అంతే!

"అయిపోయిందా అప్పుడే?" అంది అక్క కాఫీ గ్లాసు పెడుతూ.

"అయిపోయిందే. ఇంక మొదలుపెట్టడమే."

ఎక్కించడం వేరు, మొదలుపెట్టడం వేరు. ఎక్కించాక ఇంకో కమాండ్ కొట్టి దాన్ని నిద్ర లేపాలి. అప్పుడది ప్రశ్నలడుగుతుంది. నువ్వు హెడ్డాఫీసువా, బ్రాంచాఫీసువా, రెండూనా? రెండూ అన్నా. లెక్కలన్నీ ఏ డేటాబేస్‌లో రాయమంటావు? పరీక్ష కోసం వాళ్ళే ఇచ్చేది ఒకటుంది, అందులో రాయమన్నా. నిన్ను ఏ అడ్రసులో వెతుక్కోమంటావు? దానికి తోచిన అడ్రసు అదే చూపించింది, ఎంటర్ కొట్టా. పెత్తనం ఎవరిది? నాదే! పేరూ పాస్‌వర్డూ ఇచ్చా. ఆ ఊపులో వెబ్‌పేజీ తెరుచుకుంది, అక్కడ ఆఖరి ప్రశ్న: ఈ నెట్‌వర్క్‌లో అడ్రసులు నన్ను పంచమంటావా?

ఈ పంచడం ఏంటో చెప్తా. నెట్‌వర్క్‌లో ఏ కంప్యూటర్ లేచినా ముందు అడిగేది ఒకటే, "నా అడ్రసేంటి?" అని. దానికి జవాబు చెప్పే పెట్టె ఒక్కటే ఉండాలి. ఇళ్ళల్లో ఆ పని రౌటర్ చేస్తుంది. ఇద్దరు జవాబు చెప్తే గందరగోళం. ఆ ప్రశ్న కిందే పసుప్పచ్చ డబ్బాలో హెచ్చరిక రాసుంది, ఇంకెవరూ పంచట్లేదని చూసుకో అని. చదివా. చదివి ఏమనుకున్నానో తెలుసా? "ఆఁ, ఇంట్లో ఎవరున్నారు, టీవీ, అక్క ఫోను!"

పంచుకో అన్నా.

పరీక్షకి మెషిన్లు కావాలి కదా. అందుకని లాప్‌టాప్ లోపల కొన్ని ఉత్తుత్తి కంప్యూటర్లు తయారుచేసి పెట్టుకున్నా. పెట్టె, తెర ఏమీ ఉండవు, అంతా సాఫ్ట్‌వేర్ లెక్కే. అవి ఒకదాని తర్వాత ఒకటి లేచి నా కొత్త సాఫ్ట్‌వేర్‌కి కనపడాలి. కాఫీ తాగుతూ కూర్చున్నా. ఒక్కటీ రాలేదు. ఇంతలో కరెంట్ పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి నా బుల్లిదానికేం కాలేదు. షాపుకి ఇన్వర్టర్ లేదు. కాసేపటికి కరెంటొచ్చింది.

కరెంటొచ్చిన కాసేపటికి నా తెర మీద మొదటి మెషిన్ ప్రత్యక్షమైంది! ఈ సాఫ్ట్‌వేర్‌కి ఒక ముచ్చట ఉంది. కొత్త మెషిన్ కనపడగానే దానంతటదే రెండు ఇంగ్లీషు మాటలు కలిపి పేరు పెట్టేస్తుంది. దీనికి "బ్రేవ్ టర్టిల్" అని పెట్టింది. ధైర్యం గల తాబేలు! చప్పట్లు కొట్టా.

సరిగ్గా అప్పుడే ఫోను. కింద నుంచి బావ.

"సుధా, ఖాళీయేనా?"

"లేదు బావా, చాలా ముఖ్యమైన పనిలో ఉన్నా. చెప్పు."

"కరెంటొచ్చిన కాడ నుంచి మూలనున్న సిస్టమ్ ఏదోలా చేస్తంది. నల్ల తెర మీద తెల్లక్షరాలు జరజరా పోయినయ్యి, తర్వాత దానంతటదే ఆగిపోయింది."

"వోల్టేజీ అయ్యుంటది. దాన్నొదిలేసి పక్కది ఆన్ చెయ్యి."

"అట్నేనమ్మా."

ఫోను పెట్టా. రెండో మెషినొచ్చింది. "హ్యాపీ హెన్". ఆనందమైన కోడి. అబ్బ, ఎంత బాగా పని చేస్తోందో! మళ్ళీ ఫోను.

"ఇది కూడా అట్నే ఆగిందమ్మా."

"ఆ పక్కది చూడు బావా."

మూడోది వచ్చింది. బావ ఆన్ చేస్తాడు, ఆగిపోయిందంటాడు, నేను పక్కదంటా, నా తెర మీద ఇంకో జంతువు చేరుతుంది. ఇదంతా నా కళ్ళ ముందే జరుగుతోంది. ఒక చెవిలో బావ, కళ్ళ ముందు తెర. అయినా ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. అవి నా ఉత్తుత్తి కంప్యూటర్లే అనుకుంటున్నా. పనిలో మునిగిపోవడం అంటే గొప్ప గుణం అనుకుంటాం కదా, ఒక్కోసారి అది శుద్ధ గుడ్డితనమండి.

ఇంకా ఘోరం వినండి. మెషిన్లొచ్చాయి కదా, ఒకదాని మీద పూర్తిగా కొత్త సిస్టమ్ ఎక్కించి చూద్దామని మొదట వచ్చిన తాబేలునే ఎంచుకుని ఇన్‌స్టాల్ నొక్కా. "ఈ మెషిన్‌ని నేను ఆన్ చెయ్యలేను, ఎవరైనా చేత్తో ఆన్ చెయ్యండి" అంది. ఇదేంటి, ఉత్తుత్తి దాన్ని చేత్తో ఎలా ఆన్ చెయ్యాలబ్బా అని గోళ్ళు కొరుకుతున్నా. ఫోను.

"అమ్మా, మొదట ఆగిన మూల సిస్టమ్ ఇంకోసారి ఆన్ చేసి చూడనా?"

"చూడు బావా, చూడు" అన్నా విసుగ్గా.

నా తెర మీద పచ్చ దీపం వెలిగింది. ఇన్‌స్టలేషన్ మొదలైంది. నేనేమో "దానంతటదే కదిలింది, భలే" అని టీమ్ లీడ్‌కి మెసేజ్ కూడా పెట్టా. ఆయన బొటనవేలు బొమ్మ పంపించాడు.

కాసేపటికి అక్క గబగబా మెట్లెక్కి వచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"ఏమే, ఆ లాప్‌టాప్‌ని పక్కన పెట్టి ఒక్కసారి కిందకి రావే! సిస్టమ్‌లన్నీ పడుకున్నాయి. ఆప్షన్లకొచ్చినోళ్ళు బావ మీద పడిపోతున్నారు."

అప్పుడు దిగా. దిగుతూ కూడా మనసులో, వైరస్ పట్టుంటుంది, పాపం బావకి తెలీదు, నేను చూసి బాగుచేస్తా అనుకుంటూనే దిగా.

షాపు కిక్కిరిసిపోయి ఉంది. ఉక్క. బావ చొక్కా తడిసి వీపుకంటుకుపోయింది. చందర్లపాడు నుంచి వచ్చిన ఒకామె నా చెయ్యి పట్టేసుకుంది. పక్కన కూతురు, సర్టిఫికెట్ల కవరు గుండెకి హత్తుకుని నిలబడింది.

"అమ్మా, నువ్వు ఇంజినీరువంట గదా. మా పిల్ల సగం పెట్టింది, ఇంతలో కరెంటు పోయింది. ఇప్పుడు సీటు పోయిద్దా అమ్మా? కూలి మానుకుని వచ్చినాం ఇయ్యాల."

"ఏం పోదమ్మా, నేను చూస్తా కదా" అన్నా. ఎంత ధీమాగా అన్నానో!

జనాన్ని తప్పించుకుంటూ మూలనున్న సిస్టమ్ దగ్గరికెళ్ళా. నల్ల తెర. దాని మీద ఒకే ఒక్క తెల్ల గీత, పేరూ పాస్‌వర్డూ అడుగుతూ మినుకు మినుకుమంటోంది. ఆ గీత ముందు మెషిన్ పేరు రాసుంది.

బ్రేవ్ టర్టిల్.

రెండు సార్లు చదివా. పక్క సిస్టమ్ ఆన్ చేసా. తెల్లక్షరాల వరద, మధ్యలో ఒక చోట నేను పైన ఎంటర్ కొట్టి ఒప్పుకున్న అడ్రసు మెరిసి మాయమైంది. ఇంకేం కావాలి! ఆ నెట్ సెంటర్‌కి పట్టిన వైరస్ పైన హాల్లో పెసరట్టు తిని కూర్చుంది.

ఏం జరిగిందో ఒక్కసారిగా అర్థమైంది. నా ఉత్తుత్తి కంప్యూటర్లు అసలు లేవనే లేదు, నా తెర మీదకొచ్చినవన్నీ ఇవే. బావ ఈ కంప్యూటర్లని ఏదో ఆఫీసు మూసేస్తే సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. ఆ ఆఫీసులో వాటిని లేవగానే ముందు నెట్‌వర్క్ వైపు చూసేలా పెట్టుకున్నారు. నన్ను లేపేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడగడం, ఎవరూ పలక్కపోతే తన సొంత డిస్కు నుంచి లేవడం. నందిగామ వచ్చాక కూడా రోజూ పొద్దున్నే అవి అలాగే అడుగుతూ వచ్చాయి. రోజూ ఎవరూ పలకలేదు. ఆ శనివారం నేను పలికా.

పరిగెత్తుకుంటూ మెట్లెక్కి వైరు పీకేసా. లాగిన ఊపుకి కాఫీ గ్లాసు కూడా పడింది. మళ్ళీ కిందకి పరుగు. "అన్నీ ఆపి ఆన్ చెయ్యి బావా!" ఒక్కొక్కటీ లేచింది, మామూలుగా, వాటి పాత నీలం తెరలతో. జనం హమ్మయ్య అన్నారు. ముందు చందర్లపాడు పిల్లని కూర్చోబెట్టా. తను పెట్టినంతవరకూ సైటులో భద్రంగానే ఉన్నాయి. మిగతావి పెట్టి సేవ్ చేసాక వాళ్ళమ్మ నా తల మీద చెయ్యి పెట్టి "సల్లగుండమ్మా, నువ్వు రాబట్టి సరిపోయింది" అంది.

నేను రాబట్టే కదమ్మా ఇదంతా అని నోటిదాకా వచ్చింది. వెనక క్యూ చూసి మింగేసా.

మధ్యాహ్నం దాటాక జనం పల్చబడ్డారు. బావ కూలబడి మంచినీళ్ళు తాగాడు. అప్పుడడిగాడు.

"మూలది లేవలేదేందమ్మా?"

చెప్పా. మొత్తం చెప్పా. పైనుంచి నేనేం చేసానో, ఫోన్లో తను ఆన్ చెయ్యనా అన్నప్పుడు నా తెర మీద ఏం వెలిగిందో, అన్నీ. డిస్కు తుడిచేసి దాని మీద కొత్త సిస్టమ్ ఎక్కేసిందని చెప్పా. "అది కొత్తది కొనిపెడతా బావా" అన్నా.

బావ గ్లాసు కింద పెట్టాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"సిస్టమ్ కాదమ్మా. అందులో ఫోటోలున్నయ్యి."

ఏ ఫోటోలు అనుకున్నారు? షాపు పెట్టిన దగ్గర నుంచి ఆయన తీసిన పాస్‌పోర్ట్ ఫోటోలు. రేషన్ కార్డుకి, పెన్షన్‌కి, హాల్‌టికెట్‌కి, బ్యాంకుకి. నీలం తెర ముందు స్టూలు మీద కూర్చున్న నందిగామ, చందర్లపాడు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ. ఒక్కోదానికి పేరు, ఊరు టైపు చేసి దాచుకున్నాడు.

"ఎందుకు బావా అవన్నీ?" అన్నా, తప్పించుకోవాలన్నట్టు.

బదులు అక్క చెప్పింది. "ఎవరైనా పోయారనుకో, ఫ్లెక్సీకి ఫోటో కావాలి కదే. చాలామంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఫోటో ఒక్కటి కూడా ఉండదు. ఏడుస్తూ ఇక్కడికే వస్తారు. 'జయరాజన్నా, అప్పుడెప్పుడో మా నాన్నకి పెన్షన్ ఫోటో తీసావుగా, ఉందా' అంటారు. ఈయన వెతికి తీసిస్తాడు."

ఆ మాట విన్నాక సర్వర్ గదుల గురించి నాకు మొదటిసారి భయమేసింది. ఎన్ని తుడిచానో కదా ఇన్నేళ్ళలో! పద్ధతి ప్రకారమే చేసా, కాగితం మీద అనుమతితోనే చేసా. కానీ నాకు అవి నంబర్లు. ఎక్కడో ఒక జయరాజు ఉండే ఉంటాడు కదా.

"పోనీలేమ్మా, కావాలని చేసావా ఏంది" అన్నాడు బావ. అని, షటర్ సగం దించి, ఆ మూల సిస్టమ్ ముందు కుర్చీ తుడిచాడు. ఎవరూ కూర్చోని కుర్చీ అది. ఎందుకు తుడిచాడో ఆయనకే తెలీదు.

ఆ రోజు తిరిగి జగ్గయ్యపేట వెళ్ళలేదు. ఆ డిస్కు ఊడదీసి నా లాప్‌టాప్‌కి తగిలించా. తుడిచేసిన డిస్కులో కూడా, కొత్తది రాసిన మేర పోను మిగతాచోట పాత డేటా తాలూకు ముక్కలు ఉంటాయి. వాటిని ఏరి ఫోటోలుగా కూర్చే సాఫ్ట్‌వేర్ ఉంది. ఈసారి ప్రతి ప్రశ్నా చదివా. పసుప్పచ్చ డబ్బాలు రెండేసి సార్లు చదివా. ఎంటర్ కొట్టే ముందు అక్కకి వినిపించి మరీ కొట్టా. "నాకేం అర్థమవుద్దే, కొట్టు" అంది అక్క.

ఆదివారం అక్కా బావా చర్చి నుంచి వచ్చేసరికి మొహాలు రావడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, వందలు! నీలం తెర ముందు మీసాలు, ముక్కుపుడకలు, బోసి నోళ్ళు, బిక్కమొహాల హాల్‌టికెట్ పిల్లలు. కొందరివి నుదురు వరకే వచ్చాయి, మిగతాది బూడిదరంగు. అయినా చాలావరకు వచ్చేసాయి. నేను కుర్చీలోంచి లేచి గంతేసా.

బావ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసాడు.

"పేర్లు ఏవమ్మా?"

పేర్లు రాలేదు. అలా ఏరితే బొమ్మ వస్తుంది కానీ దాని పేరు రాదు. ప్రతిదానికీ ఒక పొడుగాటి నంబరుంది, అంతే. మొదట్లో చెప్పా చూడండి, నందిగామ మొహాలకి పేర్లు పోయాయని, ఇదే.

"పెడదాంలే" అన్నాడు బావ. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

ఇంక చూడాలి ఆయన్ని! నేను ఒక్కో మొహం తెరిచేదాన్ని, ఆయన చెప్పేవాడు, నేను టైపు చేసేదాన్ని. "ఈయన వెంకటేశ్వర్లు, బస్టాండులో అరటిపళ్ళు. ఈమె అంగన్‌వాడీ టీచర్ రత్నం. ఈ పిల్లోడు... ఆఁ, ఫోటో తీసేటప్పుడు తుమ్మాడు, మూడు సార్లు తీసా. ఈయన పోయాడమ్మా." పోయాడు అన్నప్పుడు ఒక్క క్షణం ఆగేవాడు. నేనూ టైపు చెయ్యడం ఆపేదాన్ని. తర్వాత ఇంకో మొహం. కొన్నిటికి ఆయనకి పేరు గుర్తొచ్చేది కాదు గానీ కూతుర్ని ఎక్కడ ఇచ్చారో, ఏ చెయ్యి విరిగిందో గుర్తుండేది. అది కూడా రాయమనేవాడు. "వేదాద్రి తిరనాళ్ళలో చెప్పు పోగొట్టుకున్నాయన" అని ఒక ఫైలు పేరుంది ఇప్పుడు. నేనే టైపు చేసా.

సోమవారం షాపు తెరిచాక వచ్చిన వాళ్ళందరూ ఇందులో చేరారు. జిరాక్సుకొచ్చినోళ్ళు కాగితం పక్కన పెట్టి తెర వైపు వంగేవాళ్ళు. "అరె, మా పిన్నిగాదూ!" "వీడా, వీడు విజయవాడలో ఉంటన్నాడు." ఒక ఆటో ఆయన వచ్చి ఆధార్ జిరాక్సు అడుగుతూ అడుగుతూ ఆగిపోయాడు. తెర మీద ఒక ముసలావిడ, చెవులకి పెద్ద కమ్మలు, కొంచెం కోపంగా కెమెరా వైపు చూస్తోంది.

"మా అమ్మండి" అన్నాడు. "ఫోటో తీయించుకోవడం ఇష్టముండేది కాదు. పెన్షన్ ఆపేస్తామంటే వచ్చింది."

బావ ప్రింట్ తీసిచ్చాడు. ఆయన జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆధార్ కార్డు మిషన్లోనే మర్చిపోతే నేను పరిగెత్తుకెళ్ళి ఇచ్చా.

ఆ మధ్యాహ్నమే డెమో. అక్క వాళ్ళ హాల్లోంచే ఇచ్చా. ఈసారి బుల్లి కంప్యూటర్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య వేరే చిన్న వైరు, ఆ రెండే, బయటి లోకంతో సంబంధమే లేదు. బ్రహ్మాండంగా వచ్చింది. అంతా అయ్యాక టీమ్ లీడ్ అడిగాడు.

"ఉత్తుత్తి వాటి మీదేనా, నిజం మెషిన్ల మీద ఏమన్నా ట్రై చేసావా?"

"చేసానండి. చాలా నిజమైన వాటి మీద చేసా."

"గుడ్! ఏం గమనించావు?"

"అడ్రసులు పంచే ముందు కింద ఎవరున్నారో వెళ్ళి చూడాలండి" అన్నా.

ఆయన అది ఏదో టెక్నికల్ పాయింట్ అనుకుని నోట్ చేసుకున్నాడు. నిజానికి అంతకంటే టెక్నికల్ పాయింట్ నా దగ్గర లేదు కూడా.

బావ షాపుకి ఇప్పుడు ఇన్వర్టర్ పెట్టించాం. ఫోటోలకి రెండు కాపీలున్నాయి, ఒకటి అక్క బీరువాలో, ఒకటి మా ఇంట్లో. పైకొచ్చే వైరు తీసేసా. పేర్లు పెట్టే పని మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది, శని ఆదివారాలు నేనూ వెళ్తున్నా. నిజం చెప్పాలంటే ఆ పని కోసం ఎదురుచూస్తున్నా. నా ఉద్యోగంలో అలా ఎదురుచూసిన రోజు ఒక్కటీ లేదు.

ఎవరికీ తెలియని మొహాలు కొన్ని మిగిలిపోయాయి. వాటికోసం "ఎవరో తెలీదు" అని ఒక ఫోల్డర్ చేసా. పోయిన వారం అక్క భోజనానికి పిలవడానికొచ్చి, నా భుజం మీదుగా ఆ ఫోల్డర్ చూస్తూ ఉన్నట్టుండి పగలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటే?"

"ఈ పిల్ల ఎవరో తెలీదా నీకు?"

చూసా. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, కనుబొమ్మలు కలిసిపోయి, ఎవరో కొట్టడానికొస్తున్నట్టు బెదిరిన మొహం. ఎక్కడో చూసినట్టుంది గానీ...

"ఎవరే, వత్సవాయి వైపు పిల్లా?"

"నువ్వేనే! ఇంటర్ హాల్‌టికెట్‌కి బావ తీసాడు, నాకు పెళ్ళైన కొత్తలో."

బావ వచ్చి వంగి చూసాడు. చూసి, తల గోక్కుంటూ, "నేను పోయిన వారమే గుర్తుపట్టా. తనే ఎవరో తెలీదు అని పక్కన పడేసింది. ఏదన్నా కారణం ఉంటదేమో అని ఊరుకున్నా" అన్నాడు.